చల్లారిన బిలాలను పట్టిచ్చేది బురదే

సముద్రపు అడుగున భూపలకలు విడిపోయే పర్వతశ్రేణులైన మధ్య హిందూ మహాసముద్ర రిడ్జ్, నైరుతి హిందూ మహాసముద్ర రిడ్జ్‌ల మీద 10,000 చదరపు కిలోమీటర్ల మేర బహులోహ సల్ఫైడ్‌లను (రాగి, జింకు లాంటి లోహాలు గంధకంతో కలిసిన ఖనిజాలను) అన్వేషించే హక్కు 2016 సెప్టెంబరులో భారత్‌కు దక్కింది. అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో కుదిరిన ఆ ఒప్పందం 15 ఏళ్లది. 2024 డిసెంబరులో గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్), చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) శాస్త్రవేత్తలు దాదాపు 4,500 మీటర్ల లోతున క్రియాశీలంగా ఉన్న, వేడి నీరు ఎగజిమ్మే ఒక ఉష్ణజల బిలాన్ని మానవరహిత జలాంతర వాహనంతో ఫొటో తీశారు. 2025లో కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద మరో 10,000 చదరపు కిలోమీటర్లకు రెండో ఒప్పందం కుదిరింది. ఫొటోకు మంచి ప్రచారమే వచ్చింది, రావాల్సిందే. అయితే ఆ రిడ్జ్‌ల మీద లోహం ఎక్కడెక్కడ ఉంది, ఎన్ని వేల ఏళ్లుగా పేరుకుంది అనే లెక్క తేలాలంటే బిలాల చుట్టూ కిలోమీటర్ల మేర పరుచుకున్న గోధుమరంగు బురదను చదవాలి. ఆ చదవడంలో జరిగే పొరపాట్లు చిన్నవి కావు.

పొగలు కక్కే బిలాన్ని కనిపెట్టడం కష్టమే గానీ దారి తెలిసిన పని. 350 డిగ్రీల సెల్సియస్ దాటిన నీరు 2 డిగ్రీల సముద్రపు నీటిలోకి ఎగజిమ్మి, 200 నుంచి 300 మీటర్లు పైకి లేచి, ఆ లోపే సుమారు పదివేల రెట్లు పలచబడి, ఆ ఎత్తున అడ్డంగా పరుచుకుంటుంది. కలకదనాన్ని, ఆక్సీకరణ-క్షయకరణ స్థితిని కొలిచే పరికరాలను కేబుల్‌కు కట్టి పైకీ కిందికీ ఆడిస్తూ ఓడ మెల్లగా సాగితే ఆ పొర తగులుతుంది. మూడు రిడ్జ్‌లు కలిసే రోడ్రిగ్జ్ త్రిసంధికి దగ్గరలో 2000లో దొరికిన కైరెయి, 2001లో దొరికిన ఎడ్మండ్ బిలక్షేత్రాలకు ఇలాంటి పొరలే దారి చూపించాయి.

చిక్కు ఏమిటంటే, వేడి బిలాలు గనుల తవ్వకానికి పనికొచ్చే చోట్లు కావు. కైరెయిలో ఇనుప సల్ఫైడ్ పొలుసులతో బతికే నత్త ఒకటుంది. సముద్రగర్భ తవ్వకాల ముప్పును చూపించి 2019లోనే దాన్ని అంతరించిపోతున్న జీవుల ఎర్ర జాబితాలో చేర్చారు. వేడి, ఆమ్ల గుణం పరికరాలను బతకనివ్వవు. పైగా పెద్ద నిల్వలు చాలావరకు వేల ఏళ్ల కిందటే చల్లారిపోయిన దిబ్బల్లో ఉంటాయి. అట్లాంటిక్ మధ్య రిడ్జ్‌లోని టాగ్ క్షేత్రంలో 200 మీటర్ల వ్యాసం, 50 మీటర్ల ఎత్తున్న క్రియాశీల దిబ్బను 1994లో తవ్వి చూస్తే సుమారు 39 లక్షల టన్నుల సల్ఫైడ్ లెక్కకు వచ్చింది. ఆ పక్కనే ఉన్న చల్లారిన దిబ్బలను తర్వాతి కాలంలో తవ్వినప్పుడు బురద కింద గట్టి ఎర్ర జాస్పర్ (సిలికా రాయి) పొర, దాని కింద చెడని సల్ఫైడ్ దొరికాయి. ఇలాంటి దిబ్బ నుంచి వేడి రాదు, కలక రాదు. పైన రెండు మూడు మీటర్ల సున్నపు బురద కప్పుకుని ఉంటే కెమెరాకు అది మామూలు గుట్టే. అది బతికున్న రోజుల్లో వదిలిన ఇనుము మాత్రం చుట్టుపక్కల బురదలో పొరగా మిగిలి ఉంటుంది.

బురదలోకి లోహం ఎలా చేరుతుంది

పగుళ్ల గుండా కిందికి దిగిన సముద్రపు నీరు వేడెక్కుతూ పోతుంది. 150 డిగ్రీలు దాటేసరికి అందులోని కాల్షియం, సల్ఫేట్ కలిసి అన్‌హైడ్రైట్‌గా గడ్డకడతాయి. మెగ్నీషియం రాతిలోకి పోతుంది. ఆమ్లంగా మారిన ఆ నీరు బసాల్టు నుంచి ఇనుము, మాంగనీసు, రాగి, జింకులను కరిగించుకుని పైకి వస్తుంది. చల్లని నీరు తగలగానే రాగి, జింకు, కొంత ఇనుము సల్ఫైడ్‌లుగా అక్కడికక్కడే రాలిపోతాయి. మిగిలిన ఇనుము కరిగిన రూపంలోనే ప్రవాహంతో వెళుతూ తుప్పులాంటి ఆక్సీహైడ్రాక్సైడ్ రేణువులుగా మారుతుంది.

ఈ మార్పు ఎంత త్వరగా జరుగుతుందన్నది సముద్రాన్ని బట్టి ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువున్న అట్లాంటిక్ లోతుల్లో నిమిషాల్లో సగం ఇనుము ఆక్సీకరణ చెందితే, కైరెయి, ఎడ్మండ్ బిలాలు వదిలిన నీటి పొరల్లో అందుకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో పారే ప్రవాహంలో ఆ వ్యవధికి నీరు సుమారు 400 మీటర్లు పోతుంది. అంటే హిందూ మహాసముద్రంలో ఇనుము మచ్చ బిలం దగ్గర ముద్దగా కాకుండా దూరంగా, పలచగా పరుచుకుంటుంది. అట్లాంటిక్ అనుభవంతో బిలానికి ఎంత దూరంలో ఎంత ఇనుము ఉండాలో గీసుకున్న గీతను ఇక్కడ అలాగే వాడితే, దూరంలో ఉన్న పెద్ద బిలాన్ని దగ్గరలో ఉన్న చిన్న బిలంగా పొరబడే ప్రమాదం ఉంది.

కోరర్ ఎక్కడ దించాలి

రిడ్జ్ అక్షం మీద ఎక్కువ భాగం బోడి రాయి. గ్రావిటీ కోరర్‌ను (తన బరువుతో బురదలోకి దిగి, కోర్‌ను, అంటే నిలువు బురద స్తంభాన్ని, గొట్టంలో తెచ్చే పరికరాన్ని) రాతి మీద దించితే గొట్టం వంగిపోయి ఖాళీగా వస్తుంది. అందుకే ముందుగా మల్టీబీమ్ సోనార్‌తో అడుగు ఎత్తుపల్లాలు చూసి, 3.5 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యపు ధ్వనితో అడుగు పొరలను గీసి, గుట్టల నడుమ బురద నిలిచిన గుంటలను వెతుకుతారు. అక్కడా జాగ్రత్త అవసరం. గుంటలో మందమైన బురద ఉందంటే అందులో కొంత పక్క వాలు నుంచి జారిపడిందే అయి ఉండొచ్చు. ధ్వని చిత్రంలో పొరలు గుంట అంచులను ఢీకొని సమతలంగా ఆగిపోతే అది జారి నిండిన బురద. కింది రాతి ఒంపుల మీద ఒకే మందంతో పరుచుకుని కనిపిస్తే పైనుంచి నెమ్మదిగా రాలినది. చరిత్ర చదవడానికి రెండోదే కావాలి.

గ్రావిటీ కోరర్‌కు 1 నుంచి 1.5 టన్నుల తల బరువు, కింద 3 నుంచి 6 మీటర్ల గొట్టం, లోపల సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న ప్లాస్టిక్ లైనర్ ఉంటాయి. సెకనుకు ఒక మీటరు చొప్పున దించితే 3,500 మీటర్లకు గంట పడుతుంది. అడుగుకు 50 మీటర్ల పైన వించ్ ఆపి, ఊగు తగ్గేదాకా కొన్ని నిమిషాలు నిలిపి, అప్పుడు దించాలి. అడుగు తగిలిందని వించ్ మీది తన్యత మీటరు చెబుతుంది. ఆ తర్వాత కూడా కేబుల్ వదులుతూ పోతే అది బురద మీద చుట్టలు పడి, లాగేటప్పుడు మెలికపడి తెగుతుంది. పైకి పీకేటప్పుడు తొందరపడితే గొట్టం కొసన బురదను ఆపే కోర్ క్యాచర్ మూసుకోకముందే కింది బురద జారిపోతుంది.

గ్రావిటీ కోరర్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. గుద్దుకునే వేగానికి పైనున్న మెత్తని 10 నుంచి 30 సెంటీమీటర్ల బురద చెదిరిపోతుంది. వెయ్యి ఏళ్లకు 1 నుంచి 2 సెంటీమీటర్లు మాత్రమే పేరుకునే చోట ఆ నష్టం 5,000 ఏళ్ల నుంచి 30,000 ఏళ్ల దాకా ఉండొచ్చు. ఈ మధ్యకాలంలో చల్లారిన బిలం జాడ పూర్తిగా పోవడానికి అది చాలు. కాబట్టి అదే చోట మల్టీకోరర్ కూడా దించాలి. అది మెల్లగా కూర్చుని, అడుగు నీటితో సహా పై అరమీటరును కదలకుండా తెస్తుంది. రెండు కోర్లలో టైటానియం, కాల్షియం వక్రాలను పక్కపక్కన పెట్టి జరిపి చూస్తే గ్రావిటీ కోర్ తల ఎంత పోయిందో తెలుస్తుంది. ఓడ సమయం ఖరీదైనదని మల్టీకోరర్‌ను వదిలేసిన యాత్రలో తెచ్చిన కోర్లకు కాలమానం ఎప్పటికీ కుదురుగా రాదు.

పైకి వచ్చిన కోర్‌ను మీటరు ముక్కలుగా కోసి, పైకొస, కింది కొస స్పష్టంగా రాసి, 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. నిలువునా చీల్చాక ఒక సగం భద్రపరచడానికి, మరో సగం పనికి. సల్ఫైడ్ ఉన్న నల్ల పొరలు గాలి తగిలిన కొద్ది గంటల్లోనే గోధుమరంగుకు తిరగడం మొదలవుతుంది. సల్ఫైడ్‌కు, ఆక్సైడ్‌కు తేడా చెప్పడమే ఆ కోర్ తెచ్చిన ఉద్దేశమైతే ఆ పొరల నమూనాలను నైట్రోజన్ నింపిన సంచిలో తీసి మూసేయాలి. ఫొటోలు కూడా చీల్చిన వెంటనే తీయాలి, మర్నాడు కాదు.

అసలు తప్పులు లెక్కలో

బురదలో ఇనుము 2 శాతం ఉందంటే దానంతట దానికి అర్థం లేదు. ఆ సంఖ్యలో మూడు మూలాలు కలిసి ఉంటాయి: భూమి నుంచి గాలిలోనో నీటిలోనో వచ్చిన మట్టి, రిడ్జ్ బసాల్టు పొడి, బిలం నుంచి రాలిన ఇనుము. వీటన్నిటినీ పలచబరిచేది సున్నపు పెంకుల బురద. దీన్ని వరుసగా విప్పుకోవాలి.

మొదట ఉప్పు. తడి బురదలో 60 శాతం నీరే అయితే, ఎండబెట్టాక మిగిలే పొడిలో 5 శాతానికి పైగా సముద్రపు ఉప్పు ఉంటుంది. తడి బరువు, పొడి బరువు రెండూ రాసుకుని ఉంటే దీన్ని తీసేయడం సులువు. బరువు రాసుకోకుండా ఎండబెట్టిన నమూనాకు క్లోరిన్ కొలిచి వెనక్కి లెక్కించాల్సిందే.

తర్వాత కాల్షియం కార్బొనేట్. అది 80 శాతం ఉన్న బురదలో ఇనుము 2.4 శాతం అనుకుంటే, కార్బొనేట్ తీసేసిన లెక్కలో అది 12 శాతం. మిగతా మట్టిలో టైటానియం 0.3 శాతం ఉందనుకుందాం. ఖండాల మట్టిలో టైటానియంకు సుమారు పది రెట్లు ఇనుము ఉంటుంది కాబట్టి 3 శాతం మట్టిది, మిగిలిన 9 శాతం బిలానిది. ఈ తీసివేతకు చాలామంది అల్యూమినియంను వాడతారు. రిడ్జ్ దగ్గర టైటానియం మేలు. ఖండపు మట్టిలో ఇనుముకు అల్యూమినియంకు ఉన్న నిష్పత్తి 0.5 దగ్గర ఉంటే బసాల్టులో అది 1 దగ్గర ఉంటుంది. దాంతో బసాల్టు గాజు ముక్కలు నాలుగు కలిసినా, లేని బిలం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇనుము-టైటానియం నిష్పత్తి మట్టిలో 10, బసాల్టులో 8 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ మోసం తక్కువ.

కార్బొనేట్ మరీ ఎక్కువున్న బురదలో ఈ లెక్క ఒక్కసారిగా బలహీనపడుతుంది. 92 శాతం కార్బొనేట్ ఉంటే, కార్బొనేట్ తీసేసిన లెక్కకు మార్చే గుణకం 12.5. కొలతలో ఒక్క శాతం అటూఇటూ అయితే అది 11.1 నుంచి 14.3 దాకా మారుతుంది. అలాంటి కోర్లలో కార్బొనేట్ రహిత ఇనుము ఎగుడుదిగుళ్లను చూసి బిలాల చరిత్ర చెప్పడం సబబు కాదు. అక్కడ ఇనుము-టైటానియం నిష్పత్తిని సూటిగా వాడటమే మంచిది.

తొలి వడపోతకు 1960ల నుంచి వాడుకలో ఉన్న సూచిక ఇప్పటికీ పనికొస్తుంది: అల్యూమినియంను, అల్యూమినియం, ఇనుము, మాంగనీసుల మొత్తంతో భాగించడం. ఖండపు మట్టికి అది 0.67 దగ్గర వస్తుంది, 0.4 కన్నా తగ్గితే లోహభరిత అవక్షేపం అంటారు. అయితే ఇందులో మాంగనీసు కూడా ఉండటం దీని బలహీనత. ఆక్సిజన్ తక్కువైన పొరలో మాంగనీసు కరిగి పైకి పాకి, ఆక్సిజన్ ఉన్న చోట మళ్లీ గడ్డకడుతుంది. మంచుయుగం ముగిసే దశలో సముద్రపు అడుగున ఆక్సిజన్ మారినప్పుడు ఇలా ఏర్పడే మాంగనీసు పట్టీ, ఏ బిలంతోనూ సంబంధం లేకుండానే, ప్రాంతమంతటా కోర్లలో కనిపిస్తుంది. ఒక మాంగనీసు శిఖరాన్ని బిలానికి ఆపాదించేముందు అదే లోతున ఇనుము, వెనేడియం, ఆర్సెనిక్ కూడా పెరిగాయా అన్నది చూడాలి. ఆక్సీహైడ్రాక్సైడ్ రేణువులు సముద్రపు నీటి నుంచి వెనేడియం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్‌లను అంటించుకుని తెస్తాయి. మాంగనీసు ఒక్కటే పెరిగితే అనుమానించాలి.

యూరోపియం ఉచ్చు

బిలం నీటికి ఒక ప్రత్యేక ముద్ర ఉంది. విరళ మృత్తికా మూలకాల్లో (రేర్ ఎర్త్స్‌లో) యూరోపియం మిగతా వాటికన్నా ఎగసి కనిపిస్తుంది. బిలానికి దూరమైన కొద్దీ రేణువులు సముద్రపు నీటి నుంచి మిగతా మూలకాలను పోగేసుకోవడంతో ఆ శిఖరం అణిగి, సిరియం లోటున్న సముద్రపు ముద్ర పైకి వస్తుంది. కాబట్టి యూరోపియం శిఖరం దొరికితే బిలం దగ్గరలో ఉన్నట్టు.

కానీ ఇది నమూనాను వేడి ప్లాస్మాలోకి పంపి మూలకాలను బరువును బట్టి లెక్కించే ఐసీపీ-మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తేలికగా పుట్టుకొచ్చే శిఖరం కూడా. ప్లాస్మాలో బేరియం ఆక్సిజన్‌తో జతకడితే ఆ జంటల బరువు 151, 153. యూరోపియం ఐసోటోపుల బరువులు కూడా సరిగ్గా అవే. బిలాల దగ్గరి బురదలో బేరియం ఖనిజమైన బేరైట్ దండిగా ఉంటుంది. జీవసంబంధ బేరియం ఎక్కువున్న మామూలు సముద్రపు బురదలోనూ ఇదే జరుగుతుంది. దిద్దకుండా వదిలేసిన డేటాలో ప్రతి బేరియం పొరా బిలమై కూర్చుంటుంది. ప్రతి విడతలో బేరియం ద్రావణం ఒక్కదాన్నే నడిపి ఆక్సైడ్ వాటా ఎంతో కొలిచి తీసేయడం కనీస జాగ్రత్త. బేరియం మరీ ఎక్కువైతే అయాన్ మార్పిడి స్తంభం మీద దాన్ని ముందే వేరుచేయాలి. చూడగానే పట్టుకునే పరీక్ష ఒకటుంది: యూరోపియం శిఖరం ఎత్తును బేరియంతో గీస్తే చుక్కలు సరళరేఖ మీద పడితే ఆ శిఖరాన్ని నమ్మకూడదు.

ఇదే బేరైట్ మరోవైపు నుంచీ దెబ్బతీస్తుంది. హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల కరిగింపులో అది పూర్తిగా కరగదు, అడుగున తెల్లగా మిగిలిపోతుంది. బేరియం కొలతే ముఖ్యమైతే నమూనాను లిథియం బోరేట్‌తో కలిపి కరిగించి గాజుగా చేయాలి.

రాలినదా, జారినదా

ఇనుము ఎక్కువున్న పొర దొరికాక, అది నీటిలో తేలుతూ వచ్చి రాలిందా, దిబ్బ విరిగి జారి వచ్చిందా అన్నది తేల్చాలి. అన్వేషణకు ఇదే అసలు ప్రశ్న. తేలివచ్చిన ఇనుము బిలం పది కిలోమీటర్ల దూరంలోనైనా ఉండొచ్చని చెబుతుంది. జారివచ్చిన సల్ఫైడ్ ఇసుక దిబ్బ వాలు కిందే ఉన్నామని చెబుతుంది. జారిన పొరకు కింది అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, కింది నుంచి పైకి రేణువుల పరిమాణం తగ్గుతుంది. ఇనుముతో పోలిస్తే రాగి, జింకు బాగా ఎక్కువ. పైరైట్ గింజలు, పచ్చని రాగి ఖనిజం అటకమైట్ గింజలు సూక్ష్మదర్శినిలో కనబడతాయి. తేలివచ్చిన పొర అంచులు మసకగా ఉంటాయి, రేణువులు మైక్రాన్ల స్థాయి, రాగి-ఇనుము నిష్పత్తి తక్కువ. జారిన పొర ఒక్క రోజులో పడిందే అయినా 20 సెంటీమీటర్లు ఉండొచ్చు. దాన్ని కాలమానంలో కలిపేస్తే పది ఇరవై వేల ఏళ్లు ఊరికే పుట్టుకొస్తాయి. వయసులు లెక్కించేముందు అలాంటి పొరలను కోర్ పొడవు నుంచి తీసేయడం తప్పనిసరి.

ఎంత ఉంది అనే దానికన్నా ఏటా ఎంత వచ్చింది అన్నదే బిలం బలాన్ని చెబుతుంది. పైన లెక్కించిన బురదనే తీసుకుంటే, కార్బొనేట్ రహితంగా 9 శాతమైన బిలపు ఇనుము మొత్తం బురదలో 1.8 శాతం. వెయ్యి ఏళ్లకు 2 సెంటీమీటర్లు, పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాములు అయితే, చదరపు సెంటీమీటరుకు వెయ్యేళ్లలో సుమారు 22 మిల్లీగ్రాముల ఇనుము. ఇక్కడ 9 శాతాన్ని గుణిస్తే జవాబు ఐదు రెట్లు పెరిగిపోతుంది, ఈ తప్పు తరచుగా కనబడేదే.

వయసుకు 50,000 ఏళ్ల దాకా ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకుల్లోని రేడియోకార్బన్ ఆధారం. అయితే అడుగున పురుగులు పై 8, 10 సెంటీమీటర్ల బురదను దుక్కి దున్నినట్టు తిరగేస్తూ ఉంటాయి. వెయ్యేళ్లకు 2 సెంటీమీటర్ల చోట అది 4,000 నుంచి 5,000 ఏళ్ల కలగాపులగం. కొన్ని వందల ఏళ్లు పనిచేసి ఆగిన బిలం ఇందులో విడిగా కనిపించదు, చిన్న వాపుగా మాత్రమే మిగులుతుంది. పక్కనుంచి కొట్టుకొచ్చిన బురదను లెక్కలోంచి తీయడానికి, సముద్రపు నీటిలోని యురేనియం నుంచి పుట్టి నిలకడగా అడుగుకు రాలే థోరియం-230ను కొలిచే పద్ధతి మామూలు సముద్రంలో చక్కగా పనిచేస్తుంది. బిలం వదిలిన నీటి పొరల్లోని ఇనుప, మాంగనీసు రేణువులు థోరియంను అదనంగా ఊడ్చుకుపోతాయి కాబట్టి బిలానికి మరీ దగ్గర్లో దాన్ని గుడ్డిగా వాడకూడదు. అంతరిక్ష ధూళితో వచ్చే హీలియం-3తో సరిచూసుకోవడం మేలు.

ఇన్ని జాగ్రత్తలతో చదివిన కోర్లు పెద్ద విషయాలే చెప్పాయి. పసిఫిక్‌లోని రిడ్జ్ అయిన తూర్పు పసిఫిక్ రైజ్ కోర్ల మీద 2016లో వెలువడిన పరిశోధన, గత రెండు మంచుయుగాలు ముగిసే దశల్లో బిలాల ఇనుము రాక పెరిగిందని చూపించింది. సముద్రమట్టం 120 మీటర్ల మేర తగ్గితే రిడ్జ్ మీద సుమారు 12 వాతావరణాల పీడనం తగ్గుతుంది. కింద మాంటిల్ కాస్త ఎక్కువగా కరుగుతుంది, ఆ శిలాద్రవం పైకి చేరడానికి వేల ఏళ్లు పడుతుంది. ఈ వివరణ హిందూ మహాసముద్రపు నెమ్మది రిడ్జ్‌లకు ఎంతవరకు వర్తిస్తుందో చూడాలంటే ఇక్కడి గుంటల నుంచే వరుస కోర్లు కావాలి.

అన్ని చోట్లా బురద ఇంత నిజాయితీగా ఉండదు. కృష్ణా, గోదావరి నోళ్ల ముందు నదుల మట్టి రిడ్జ్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా పడుతుంది. అక్కడ ఇలాంటి ఇనుము ముద్ర ఉన్నా మట్టి ఇనుములో మునిగిపోతుంది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఎర్ర సముద్రంలోని అట్లాంటిస్-2 డీప్. సుమారు 2,000 మీటర్ల లోతున, సముద్రపు నీటికి ఏడు రెట్ల ఉప్పున్న వేడి నీరు గుంటలో నిలిచిపోవడంతో లోహం బయటికి పోలేదు. ఉప్పు తీసేసిన పొడి లెక్కలో సుమారు 9 కోట్ల టన్నుల మడ్డి, అందులో 2 శాతం జింకు, 0.45 శాతం రాగి ఉన్నట్టు అంచనా. 1979లో ఓడ నుంచి పైపు దించి దాన్ని తోడి కూడా చూశారు. అక్కడ తడి మడ్డిలో 80 శాతం ఉప్పునీరే అయితే ఎండాక మిగిలేదాంట్లో సగం ఉప్పు. ఉప్పు తీసిన లెక్కా, తీయని లెక్కా అన్నది చెప్పని శాతాలను పోల్చి చూడటంలో అర్థం లేదు.

అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ సల్ఫైడ్ నిబంధనల ప్రకారం అన్వేషకుడు కేటాయించిన ప్రాంతంలో 8వ ఏడు ముగిసేలోపు సగం, 10వ ఏడు ముగిసేలోపు 75 శాతం వదులుకోవాలి. కేటాయింపు 100 చదరపు కిలోమీటర్లకు మించని బ్లాకులుగా ఉంటుంది. ఏ బ్లాకు ఉంచుకోవాలన్నది క్రియాశీల బిలాల పటంతో మాత్రమే నిర్ణయిస్తే, చల్లారిన పెద్ద దిబ్బలున్న బ్లాకులు చేజారే అవకాశం ఉంది. బ్లాకుకు కనీసం రెండు మూడు గుంటల్లో మల్టీకోరర్, గ్రావిటీ కోరర్ జంటగా దించి, ప్రతి నమూనాకూ తడి బరువు, కార్బొనేట్, క్లోరిన్, టైటానియం, బేరియం ముడి విలువలను సవరించిన విలువల పక్కనే ప్రచురిస్తే, తర్వాత వచ్చేవారు కొత్త కోరర్ దించకుండానే ఆ లెక్కను మళ్లీ వేసుకోవచ్చు.